పది బై పన్నెండు

మొన్న సాయంత్రం మా అమ్మాయి ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "మమ్మీ, నానమ్మ మంచం పెడితే రూమంతా ఎర్రగ చూపిస్తున్నది," అంది.

వచ్చే నెల మేము బెంగళూరుకు మారాలి. అక్కడి ఫ్లాటు కొలతలు ఫోనులో వేస్తే నక్షా వస్తుందట. అందులో మంచాలు, బీరువాలు వేలితో లాగి పెడుతోంది పిల్ల. పట్టేవి పచ్చగా, పట్టనివి ఎర్రగా కనిపిస్తాయి. అన్నీ పచ్చగా ఉన్నాయి, మా అత్తగారి మంచం తప్ప.

నాకూ మా అత్తగారికీ పొసగదు. పంతొమ్మిదేళ్లుగా పొసగలేదు. ఇప్పుడు కొత్తగా దాచడానికి ఏమీ లేదు. ఆ ఎర్రటి ముక్క చూడగానే నా లోపల ఒక చల్లని మాట లేచిన సంగతి కూడా దాచను: నేను అనాల్సిన పని లేదు, ఫోనే అంటోంది కదా అని. మరుక్షణం ఆ మాట ఎవరిదో గుర్తుపట్టాను. అది మా అమ్మ మాట.

నేను పదో తరగతి దాటి చదవలేదు. అయినా పద్మారావు నగర్‌లో ఒక ప్లైవుడ్ దుకాణంలో కూర్చుని వడ్రంగులకు లెక్క చెబుతాను. ఎనిమిది బై నాలుగు షీటులో అల్మారా ముక్కలు ఎన్ని వస్తాయో, ఎటు నుంచి కోస్తే తక్కువ వృథా అవుతుందో కాగితం మీద గీసిస్తాను. ఎవరు నేర్పారని అడుగుతుంటారు. ఎవరూ నేర్పలేదు. మౌలాలి రైల్వే క్వార్టర్లలో, ఒక వేసవి సెలవుల్లో, బొంబాయి గదిలోకి మా ఇంటిని కుక్కబోయి నేర్చుకున్నాను. అప్పుడు నాకు పదకొండేళ్లు.

నాయన గూడ్సు బండి గార్డు. మా క్వార్టరు వెనక గోడ ఎక్కితే యార్డు కనిపించేది. నేను డబ్బాలు లెక్కపెట్టేదాన్ని. డబ్బా మీద తెల్ల రంగుతో రాసిన ఖాళీ బరువు, పట్టే బరువు చదివి, బండి మొత్తానికి కూడేదాన్ని. గుట్ట వైపు నుంచి గాలి వస్తే దర్గా దగ్గర కాల్చిన ఊదు వాసన, యార్డు వైపు నుంచి వస్తే డీజిలు వాసన. మధ్యలో మా మేనత్త సర్వపిండి వాసన. ఈ మూడింట్లో అత్తదే గెలుపు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి, గిన్నె లోపలి వైపుకు అద్ది, నడుమ వేలితో చిల్లులు పొడిచి, సన్నటి సెగ మీద కాల్చేది. యార్డులో పనిచేసేవాళ్లు గోడ అవతల నిలబడి చెయ్యి చాపేవారు. అత్త నా పాత లెక్కల నోటుబుక్కు చించి, అందులో చుట్టి ఇచ్చేది.

"అత్తా, అది నా నోటుబుక్కు," అంటే, "నీ లెక్కలు నూనె మంచిగ పీలుస్తయి బిడ్డా," అనేది.

నాకు ఒళ్లు మండేది. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత నేను చేసిన లెక్కలో కోపం కలిసిందా లేదా అని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను.

అత్త నాయనకు అక్క. పెళ్లయిన రెండేళ్లకు మొగుడు ఇంకొకామెను తీసుకుని నాందేడ్ వెళ్లిపోతే, ఒక రేకు పెట్టె, ఒక ఇసుర్రాయి పట్టుకుని తమ్ముడి దగ్గరకు వచ్చింది. అమ్మ కాపురానికి వచ్చేసరికి వంటింట్లో అత్త ఉంది. గొడవకు ఇంకో కారణం అక్కర్లేదు. నాకు ఊహ తెలిసేసరికి వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడటం మానేశారు. ఒకే పొయ్యి ముందు కూర్చుని నా ద్వారా మాట్లాడేవారు.

"మీ అత్తకు చెప్పు, పప్పుల ఉప్పు ఎక్కువైందని."

"మీ అమ్మకు చెప్పు, ఉప్పేసింది తనే అని."

ఇద్దరి మధ్య కూర్చున్న నాకు రెండు మాటలూ వినబడేవి. వాళ్లకూ వినబడేవి. అయినా నేను తిరిగి చెప్పేదాకా ఎవరూ కదిలేవారు కాదు.

అత్తకు ఇంకో పట్టు ఉండేది. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో అందరి చాపలూ పరిచేది. ముందుగా నాయన చాప. నాయన ఇంట్లో ఉన్నా, లైను మీద ఉన్నా, గోడ వారగా ఆయన చాప పరవాల్సిందే, తలకు మెత్త పెట్టాల్సిందే. దాని మీద పిల్లలం పొరపాటున దొర్లినా వీపు మీద ఒకటి పడేది.

"లైను మీద ఉన్న మనిషి చాప చుట్టొద్దు, తొక్కొద్దు. చాప చుడితే ఆయన తిరిగొచ్చే తొవ్వ చుట్టినట్టే," అనేది.

నాయన వారంలో నాలుగైదు రాత్రులు కాజీపేట వైపో, వాడి జంక్షన్ వైపో బండి మీదే ఉండేవాడు. ఆ రాత్రులన్నీ ఖాళీ చాప మా మధ్య మనిషిలాగే పడుకునేది. మాకు అలవాటైపోయింది. నాయన డ్యూటీ ఎప్పుడు దిగుతుందో గంటలతో సహా చెప్పగలిగిన నేను కూడా, రాత్రి మేము ఎంతమందిమి అంటే ఆరుగురం అనే చెప్పేదాన్ని.

ఆ వేసవికి ముందే బొంబాయి మాట షురూ అయింది. రైల్వేలో ఒక పద్ధతి ఉంది: అక్కడి మనిషి ఇక్కడికి, ఇక్కడి మనిషి అక్కడికి, ఇద్దరూ ఒప్పుకుని జాగాలు మార్చుకోవచ్చు. మ్యూచువల్ అంటారు. బొంబాయిలో పనిచేసే మన వైపు గార్డు ఒకాయన, ముసలి తల్లిదండ్రుల కోసం సికింద్రాబాద్ రావాలని చూస్తున్నాడు. అమ్మ తమ్ముడు బొంబాయిలో మిల్లులో ఉండేవాడు. అమ్మ నాయన వెంట పడింది. నాయన రెండు నెలలు తల ఊపలేదు, అడ్డంగా కూడా ఊపలేదు. చివరకు సంతకం పెట్టాడు.

కాలనీలో తెలిసిన రోజు నుంచి ఇల్లు సంత అయింది. పక్కింటామె వచ్చి, "మీరు పోయేటప్పుడు ఆ నీళ్ల గోలెం మాకియ్యరాదు, బొంబాయిల ఏం జేస్తరు," అనేది. ఎదురింటామె మునగ చెట్టును తన చెట్టులా చూడటం మొదలుపెట్టింది. అత్త వాకిట్లో మామిడికాయలు కొడుతూ, కత్తి ఆపకుండా అంది:

"పీనుగ లేవకముందే పక్కబట్టలు అడిగినట్టున్నది మీ కథ."

ఆ ఏడు తొక్కు ఎవరికోసం పెడుతోందో కూడా అత్తను ఎవరూ అడగలేదు. మూడు జాడీలు పెట్టింది. ఆమె బొంబాయి వస్తోందని ఎవరూ అనలేదు. రావడం లేదనీ అనలేదు. ఇంట్లో అందరూ ఆ ఒక్క మాట చుట్టూ, పొయ్యి చుట్టూ తిరిగినట్టు, కాలకుండా తిరిగేవారు.

అప్పుడు బొంబాయి గార్డు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ రైల్వే క్వార్టరు దొరకదు కానీ, ఆయన అద్దెకున్న, వరసగా ఒంటి గదులుండే చాల్‌లోని గదే మాకు ఖాయం చేసి పెట్టాడు. "గది పది బై పన్నెండు. వంట ఒక మూల, స్నానానికి మోరీ ఒక మూల. మేము ఆరుగురం సర్దుకుంటున్నాం. తక్లీఫ్ ఏమీ లేదు," అని రాశాడు.

ఆ ఉత్తరం అమ్మ నా చేతికిచ్చింది. "లెక్కలు లెక్కలని సంపుతవు గద. మనకు పడుతదో లేదో చూసి చెప్పు."

నా జీవితంలో పెద్దవాళ్లు నన్ను పని అడగడం అదే మొదలు. వీధి చివరి దర్జీ దగ్గర టేపు అడుక్కొచ్చాను. రెండు రోజులు ఇల్లంతా కొలిచాను. బీరువా, ట్రంకులు, పొయ్యి గట్టు, తలుపు తెరుచుకునే మేర. కొలిచిన ప్రతి దాని మీద సుద్దతో గుర్తు. తమ్ముళ్లిద్దర్నీ నేల మీద పడుకోబెట్టి కొలిచాను. అమ్మ పడుకోలేదు, గోడకు ఆని నిలబడి కొలిపించుకుంది. మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే తల దగ్గర టేపు పెట్టి కాళ్ల దాకా లాగాను. బొటనవేలికి తగిలి లేచింది.

"ఏందే, పాడెకు కొలతలు తీస్తున్నవా?"

"కాదత్తా, బొంబాయికి."

అత్త ముడుచుకుని ఉన్న కాళ్లను నిటారుగా చాపింది. "అయితే మంచిగ తియ్యి. మల్ల తక్కువైతే నన్ను మడతపెట్టాల్సి వస్తది," అని కళ్లు మూసుకుంది.

పాత క్యాలెండరు వెనక అడుగుకు అంగుళం చొప్పున గది గీశాను. బిస్కట్ల అట్టపెట్టె కోసి ముక్కలు చేశాను. ఆ లెక్క నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. గది మొత్తం నూట ఇరవై చదరపు అడుగులు. వంట మూలకు పన్నెండు, మోరీకి తొమ్మిది, తలుపు తెరుచుకోవడానికి తొమ్మిది, ట్రంకులకు ఆరు, బీరువాకు నాలుగున్నర. అన్నీ కలిపి నలభైన్నర. మిగిలింది డెబ్బై తొమ్మిదిన్నర. మనిషి పడుకోవడానికి ఆరు బై రెండుంబావు, అంటే పదమూడున్నర. ఐదుగురికి అరవై ఏడున్నర పోతే పన్నెండు మిగిలింది. ఆరో మనిషికి చదరపు అడుగున్నర తక్కువ.

మనుషుల ముక్కల మీద బొమ్మలు గీశాను. నాయన ముక్క మీద పచ్చజెండా, అమ్మ ముక్క మీద గాజులు, మా ముగ్గురికి మూడు చుక్కలు, అత్త ముక్క మీద ఇసుర్రాయి. ఒక్కొక్కటే పేర్చాను. ముందు నాయన, తర్వాత అమ్మ, తమ్ముళ్లు, నేను. చివరి ముక్క చేతిలో మిగిలింది. అటు తిప్పాను, ఇటు తిప్పాను. తలుపుకు అడ్డం వస్తోంది, లేకపోతే మోరీలో పడుతోంది.

ఆ బొంబాయివాళ్లు ఆరుగురు ఎలా పడుకుంటున్నారో నాకు అంతుబట్టలేదు. వాళ్ల పిల్లలు చిన్నవాళ్లయి ఉంటారు, లేదా ఆయన అబద్ధం రాశాడు అనుకున్నాను. మా చిన్న తమ్ముడికి కూడా నిలువెత్తు మనిషి కొలతే వేశాను, రేపు పెరుగుతాడు కదా అని. అదొక తప్పు. కానీ అది చిన్న తప్పు.

అమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది. అమ్మ ముఖం అంత మెత్తగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. నా తల నిమిరింది. ఆ నిమరడం కోసం ఇంకో పది గదులు గీసేదాన్ని.

ఆ మధ్యాహ్నం నుంచి మా ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆ క్యాలెండరు చూపించింది. "చూడుర్రి. నేనంటలేను. లెక్క అంటున్నది."

వాళ్లు వంగి చూసి, "పిల్ల తెలివిగలది," అనేవారు. వెంటనే గొంతు తగ్గించి, "మరి ఆమె?" అనేవారు. అమ్మ చేతులు తిప్పేది.

నాయన డ్యూటీ దిగి వచ్చాడు. స్నానం చేసి, చాయ్ తాగుతూ నా కాగితం తీసుకున్నాడు. కూడికలన్నీ పెదవులు కదుపుతూ చూశాడు. ఆయన వెనక మేకుకు ఆయన డ్యూటీ పుస్తకం వేలాడుతోంది. దాన్ని ఆయన చూడలేదు, నేనూ చూడలేదు.

"లెక్క కరెక్టే ఉన్నది," అన్నాడు. "గుట్ట కింద నాకు తెల్సినాయన అర్ర ఒకటి ఖాళీ ఉన్నది. అక్కను ఆడ ఉంచుదాం. సెలవులకు వస్తం గద."

అత్త వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆమెకు చదువు రాదు. వచ్చి కాగితం ముందు కూర్చుంది. ముక్కల్ని ఒక్కొక్కటే చూసింది. ఇసుర్రాయి ముక్క బయట ఉండటం చూసింది. తర్వాత పచ్చజెండా ముక్కను వేలితో పక్కకు జరిపి, ఆ ఖాళీలో తన ముక్క పెట్టింది. సరిగ్గా పట్టింది.

"అత్తా, ముట్టకు. అది నాయిన జాగ," అన్నాను.

అమ్మ చేతిలో చేట కదలడం ఆగింది. నాయన చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. అత్త నాయన వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

అత్త తన ముక్క తీసేసింది. పచ్చజెండా ముక్కను మళ్లీ గోడ వారకు జరిపి, అంచు సరిచేసింది.

"పిల్ల చెప్పింది నిజమే. తమ్ముని చాప మీద నేనెట్ల పండుకుంట," అంది. తర్వాత నాతో, "మీ అమ్మకు చెప్పు, తొక్కు జాడీలు రెండు మీకు, ఒకటి నాకు," అని లేచి వెళ్లింది.

ఆ మాట నేను అమ్మకు తిరిగి చెప్పాను. అలవాటు ప్రకారం.

సామాను కోసం నాయనకు గూడ్సు డబ్బా ఒకటి ఇచ్చారు. అందులో సగం ఖాళీగానే పోయింది. ఇసుర్రాయి, రేకు పెట్టె, ఒక చాపల కట్ట చేతిబండి మీద గుట్ట వైపు వెళ్లాయి. అత్త బండి వెనక నడిచింది. పక్కింటామె అప్పటికే గోలెం దొర్లించుకుంటోంది. అత్త తిరిగి చూసిందా లేదా నాకు తెలియదు, నేను డబ్బా లోపల సుద్ద గుర్తులు సరిచూసుకుంటున్నాను.

బొంబాయి గది నిజంగానే పది బై పన్నెండు. నా లెక్కలో అంగుళం తేడా లేదు. చేరిన మూడో రోజు నాయన డ్యూటీ ఎక్కాడు. ఆ సాయంత్రం అమ్మ చాపలు పరిచింది. మావి మూడు, తనది ఒకటి. నాయన చాప చుట్టి బీరువా పక్కన నిలబెట్టింది.

"అమ్మా, నాయిన చాప పరవలే."

"ఆయన ఇంట్ల లేడు గద. ఖాళీ చాప ఎవరన్న పరుస్తరా? జాగ ఏడున్నది ఈడ?"

ఆ ఖాళీ నేల వైపు చూస్తూ ఉండిపోయాను. ఆరు అడుగులు, రెండుంబావు. అందులో ఎవరూ లేరు. మర్నాడూ లేరు. బొంబాయి గార్డు ఆరుగురం అని అబద్ధం రాయలేదు. వాళ్లింట్లో చాప చుట్టేవాళ్లు, అంతే.

"అమ్మా, లెక్క తప్పింది," అన్నాను. "నాయిన రాత్రి ఇంట్ల ఉన్నది ఎన్నడు? ఉన్న రెండు రోజులు జెర ఒత్తుకుంటే అయిపోతుండె. అత్తకు జాగ ఉండె."

అమ్మ చిన్న తమ్ముడి మీద దుప్పటి కప్పుతోంది. నా వైపు తిరగలేదు.

"నీకిప్పుడు తెల్సిందా?" అంది.

"నీకు ముందే తెల్సా?"

"గార్డు పెండ్లాన్ని. నాకు తెల్వదా?"

"మరి నాయినకు?"

"పో, పోయి పండుకో. లెక్క చేసింది నువ్వు. మేం ఒప్పుకున్నం."

ఇంత స్పష్టంగా మా అమ్మ ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పటి నుంచి నేను ఆమెకు ఏ లెక్కా చేసి పెట్టలేదు. పాలవాడి లెక్క అడిగినా రాదనేదాన్ని. నాయనతో మాట్లాడటం తగ్గించాను. ఆయన కారణం అడగలేదు. అడిగితే చెప్పాల్సి వచ్చేది నాకు కాదు, ఆయనకు.

మరుసటి వేసవికి తమ్ముళ్లను మామ దగ్గర వదిలి నేనూ అమ్మా సికింద్రాబాద్ వచ్చాము. నాయన రాలేదు, బండి మీద ఉన్నాడు. గుట్ట కింద అర్ర వెతుక్కుంటూ వెళ్లేసరికి దీపాలు పెట్టే వేళయింది. సర్వపిండి వాసన పట్టుకుని వెళ్లాము, చిరునామా అక్కర్లేకపోయింది.

అత్త గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. లేవలేదు.

"వదినె, బాగున్నవా?" అంది అమ్మ. నేరుగా అంది. ఎన్నేళ్లకో.

అత్త నా వైపు చూసింది. "మీ అమ్మకు చెప్పు, బాగనే ఉన్న అని. లోపలికి రమ్మందామంటే జాగ లేదు బిడ్డా. చిన్న అర్ర. కావాల్నంటే కొలుసుకో. టేపు తెచ్చినవా?"

అమ్మ ముఖం నల్లబడింది. నాకు సంతోషమైంది, ఆ సంతోషానికి సిగ్గూ పడ్డాను.

అత్త భుజం మీదుగా లోపలికి చూశాను. టేపు లేకపోయినా నా కళ్లకు కొలత తెలుసు. ఎనిమిది బై తొమ్మిది. ఒక మూల ఇసుర్రాయి, ఒక మూల పొయ్యి, జాడీ. నడుమ ఒక చాప, అత్తది. గోడ వారగా ఇంకో చాప, దాని మీద మెత్త. దాని మీద ఒక్క ముడత లేదు.

అత్త నా చూపు పట్టుకుంది.

"మీ నాయిన యాడున్నడు?"

"లైను మీద."

"ఊఁ," అంది. లోపలికి చెయ్యి చాపి రెండు సర్వపిండి ముక్కలు తీసి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. కాగితం నాదే. అయిదో తరగతి కూడికలు. తప్పుల కింద ఎర్ర గీతలు నూనెకు తడిసి గులాబీ రంగయ్యాయి.

ఆ అర్రలో ముగ్గురం పట్టేవాళ్లం. ఆ ఖాళీ చాప చుడితే ఇంకా హాయిగా పట్టేవాళ్లం. నేను ఆ మాట అనలేదు. అమ్మ కూడా అనలేదు. గడప బయట నిలబడి ముక్క తిని, గిన్నెతో నీళ్లు తాగి వచ్చేశాము. ఆ తర్వాత నాయన ఒక్కడే వెళ్లేవాడు. ఆయన్ను లోపలికి రానిచ్చేదో లేదో ఆయన చెప్పలేదు. అత్త పోయిన తర్వాత ఇసుర్రాయి మాత్రం ఆయనే మోసుకొచ్చాడు. ఇప్పుడు అది మా బాల్కనీలో ఉంది, బెంగళూరు ఫ్లాటు నక్షాలో పచ్చగా పట్టింది.

మా అమ్మాయి ఫోను పట్టుకుని ఇంకా నిలబడే ఉంది.

"చెప్పు మమ్మీ. నానమ్మ మంచం పడ్తలేదని డాడీకి చెప్పనా?"

అవతలి గదిలో టీవీ శబ్దం తగ్గింది. మా అత్తగారికి వినికిడి బాగానే ఉంటుంది.

"చెప్పకు," అన్నాను. "ఆమెను తీసుకపోవాల్నో వద్దో ఇంకా ఎవ్వరం అనుకోలే. వద్దనుకుంటే ఆ మాట నేను అంట, నా నోటితోని, ఆమె ముఖం మీద. పడ్తలేదని నువ్వు అనకు."

"నేను ఉత్తగ కొలిచిన మమ్మీ."

"నాకు తెల్సు," అన్నాను. ఫోను తీసుకుని ఆఫ్ చేశాను. తర్వాత టేపు పట్టుకుని మా అత్తగారి గదిలోకి వెళ్లి, ఆమెను లెమ్మని, ఆమె ముందే మంచం కొలవడం మొదలుపెట్టాను.